విమానం చేయని బొంబార్డియర్

బొంబార్డియర్ అన్న పేరు మనలో చాలామందికి విమానాల వల్లే తెలుసు. కొన్నేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి తిరుపతికో రాజమండ్రికో స్పైస్‌జెట్ చిన్న విమానం ఎక్కిన వాళ్లకి, రెండు పెద్ద ప్రొపెల్లర్లు తిరిగే క్యూ400 గుర్తుండే ఉంటుంది. దాన్ని చేసిన కంపెనీ అదే. ఢిల్లీ మెట్రోలో తిరిగిన వాళ్లు ఆ కంపెనీ రైళ్లు కూడా ఎక్కే ఉంటారు. విమానాల పిచ్చి ఉన్న మా క్లాసు వాళ్లనడిగితే మాత్రం చాలెంజర్, గ్లోబల్ అని బిజినెస్ జెట్‌ల పేర్లు గడగడా చెప్పేస్తారు. వాటిలో గ్లోబల్ 7500 అయితే మధ్యలో ఎక్కడా దిగకుండా 14 వేల కిలోమీటర్లు ఎగురుతుంది. పేరు వింటే బాంబులు గుర్తొస్తాయి గానీ, ఆ పేరు బాంబుల నుంచి రాలేదు. అది ఒక మనిషి ఇంటిపేరు.

ఆ మనిషి జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియర్. తమాషా ఏమిటంటే ఆయన జీవితంలో ఒక్క విమానం కూడా తయారు చేయలేదు. ఆయన పోయిన 22 ఏళ్లకి గానీ ఆ కంపెనీ విమానాల జోలికి వెళ్లలేదు. మరి ఆయన చేసిందేమిటి అంటే, మంచు మీద నడిచే బండి. అది ఎవరి కోసం చేశాడు, ఎన్నేళ్లు పట్టింది అని చదువుతూ పోతే, మెకానికల్ చదువుతున్న నాకు జెట్ల కన్నా ఆ బండి కథే ఎక్కువ పట్టుకుంది. అందుకే ఈ వ్యాసం విమానాలతో మొదలైనా చాలా దూరం మంచులోనే నడుస్తుంది. కాస్త ఓపిక పట్టండి, విమానాల దగ్గరికి మళ్లీ వస్తాను.

అర్మాండ్ 1907 ఏప్రిల్ 16న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో, వాల్‌కూర్ అనే పల్లెటూళ్లో పుట్టాడు. అక్కడ జనం మాట్లాడేది ఫ్రెంచి. తండ్రి ఆల్ఫ్రెడ్ మొదట రైతు, తర్వాత కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. ఎనిమిది మంది పిల్లల్లో అర్మాండ్ పెద్దవాడు. ఆ ఊళ్లో చలికాలం అంటే ఏమిటో ముందు అర్థం చేసుకోవాలి. వాగు పొంగి రెండు రోజులు ఊరికి దారి తెగిపోవడం మనకి తెలుసు. అక్కడ అలా తెగిపోవడం నెలల తరబడి ఉంటుంది. ఆ రోజుల్లో పల్లె రోడ్ల మీద మంచు తీసేవాళ్లు లేరు. కారు ఉన్నవాళ్లు చలికాలం రాగానే దాన్ని దిమ్మల మీదకి ఎక్కించి, వసంతం వచ్చేదాకా షెడ్డులో పెట్టేసేవాళ్లు. అప్పటిదాకా గుర్రం లాగే స్లెడ్జి బండే దిక్కు. డాక్టర్ రావాలన్నా, ఉత్తరం రావాలన్నా, పురిటి నొప్పులొచ్చినా అంతే.

పిల్లాడికి చిన్నప్పటి నుంచి యంత్రాల మీదే ధ్యాస. పాత గడియారాల భాగాలతో బొమ్మ బండ్లు, బొమ్మ ట్రాక్టర్లు చేసేవాడు. కనిపించిన ప్రతి వస్తువునీ విప్పేస్తుంటే తట్టుకోలేక, తండ్రి ఒక పాత ఫోర్డ్ కారు ఇచ్చి దీంతో ఏమైనా చేసుకో అని వదిలేశాడు. పదిహేనేళ్ల కుర్రాడు ఆ ఇంజిన్ని తీసి ఒక స్లెడ్జి మీద బిగించాడు. దాని వెనక చేత్తో చెక్కిన చెక్క ప్రొపెల్లర్ పెట్టాడు. 1922 డిసెంబర్ 31న తమ్ముడు లియోపోల్డ్ ముందు కూర్చుని స్టీరింగ్ పట్టుకోగా, ఇద్దరూ ఆ బండి మీద ఊళ్లో చక్కర్లు కొట్టారు. గుర్రం లేకుండా మంచు మీద బండి పోతుంటే ఊరు ఊరంతా బయటికొచ్చి చూసింది. తండ్రి మాత్రం వెనక గిర్రున తిరుగుతున్న ఆ రెక్కని చూశాడు. మనిషి చెయ్యి అందులో పడితే ఏమవుతుందో ఆయనకి అర్థమైంది. వెంటనే విప్పేయమన్నాడు, కొడుకు విప్పేశాడు. ప్రపంచంలో పేరున్న ఒక విమాన కంపెనీకి పేరిచ్చిన మనిషి మొదటి బండికి ప్రొపెల్లర్ ఉండటం, అది ప్రమాదమని ఇంట్లో తీయించేయడం నాకు భలే అనిపించింది.

ఇంట్లో వాళ్లు అర్మాండ్‌ని చర్చి ఫాదర్ చేద్దామనుకుని షెర్‌బ్రూక్ పట్టణంలో సెమినరీలో చేర్చారు. అక్కడ ఇమడలేక పదిహేడేళ్లప్పుడు తండ్రిని ఒప్పించి బయటికొచ్చేశాడు. పక్క ఊరి గ్యారేజీలో పనికి కుదిరాడు. తర్వాత మాంట్రియల్ వెళ్లి పగలు పని, రాత్రి క్లాసులు. మెకానిక్స్, ఎలక్ట్రికల్ అలాగే నేర్చుకున్నాడు. టెక్నికల్ పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి కష్టపడి ఇంగ్లీషు కూడా పట్టుకున్నాడు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఫస్ట్ ఇయర్లో థర్మోడైనమిక్స్ పుస్తకం తెరిచిన వాళ్లకి ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయనకి ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. 1926లో, 19 ఏళ్ల వయసులో, తండ్రి సాయంతో వాల్‌కూర్‌లోనే సొంత గ్యారేజీ తెరిచాడు. 1929లో ఇవాన్ లబ్రెక్‌ని పెళ్లి చేసుకున్నాడు.

గ్యారేజీకి ఎండాకాలంలో ఊపిరి సలపనంత పని. చలికాలంలో కార్లన్నీ దిమ్మలెక్కాక పని ఉండదు. ఆ ఖాళీ నెలల్లోనే ఆయన ప్రయోగాలు సాగాయి. ఏడాదిలో సగం సంపాదించడం, మిగతా సగం ఆ సంపాదనని మంచు బండి మీద పోయడం. ఇలా దాదాపు పదేళ్లు.

అసలు చిక్కు ఎక్కడుందో మన భాషలో చెప్తాను. ఒక టన్ను కారు బరువంతా నాలుగు టైర్ల కింద నాలుగు అరచేతులంత జాగా మీద పడుతుంది. గట్టి రోడ్డు ఆ ఒత్తిడిని మోస్తుంది, మెత్తటి మంచు మోయలేదు. చక్రం దిగబడిపోతుంది. దిగబడ్డాక ఎంత హార్స్‌పవర్ ఉన్నా అక్కడే గుంత తవ్వుకుంటుంది తప్ప ముందుకు కదలదు. ఒత్తిడి తగ్గాలంటే బరువు తగ్గించాలి, లేదా ఆనే జాగా పెంచాలి. బరువు తగ్గిద్దామంటే అప్పటి ఇంజిన్లే గుదిబండల్లా ఉండేవి. జాగా పెంచాలంటే చక్రం బదులు పొడవాటి బెల్టు కావాలి. ఇది ఆయనకొక్కడికే తట్టిన ఆలోచన కాదు. రష్యా చక్రవర్తి కార్లు చూసుకునే అడోల్ఫ్ కెగ్రెస్ అనే ఫ్రెంచి ఇంజనీరు అంతకుముందే రబ్బరు బెల్టుతో కార్లని మంచు మీద నడిపించాడు. కానీ ఒక పల్లె గ్యారేజీలో చేయగలిగేది, పల్లె డాక్టర్ కొనగలిగేది, గడ్డకట్టే చలిలో రోజూ నమ్మకంగా నడిచేది ఇంకా రాలేదు. బెల్టుని తిప్పే పళ్ల చక్రం దగ్గరే అసలు తంటా. ఇనప పళ్ల మధ్య మంచు చేరి గడ్డకడితే బెల్టు జారిపోతుంది.

ఇంతలో 1934 చలికాలం వచ్చింది. అర్మాండ్ రెండో కొడుకు ఇవోన్‌కి రెండేళ్లు. పిల్లాడికి అపెండిసైటిస్ వచ్చి లోపల విషమించింది. ఆపరేషన్ చేసే ఆసుపత్రి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో షెర్‌బ్రూక్‌లో ఉంది. రోడ్లన్నీ మంచు కింద ఉన్నాయి. గ్యారేజీలో ఉన్న ప్రయోగాల బండి ఇంకా నమ్ముకుని బయల్దేరే స్థితికి రాలేదు. చుట్టుపక్కల ఊళ్లలో మంచు మీద బండి నడపడం గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి, తన కొడుకుని ఆసుపత్రికి చేర్చలేకపోయాడు. పిల్లాడు చనిపోయాడు.

కొడుకు పోయాడు, ఆ బాధలోంచి మంచు బండి పుట్టింది అని చాలాచోట్ల ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. సినిమాకి బాగుంటుంది గానీ నాకు అది సరిగా అనిపించదు. ఆయన అప్పటికే పన్నెండేళ్లుగా ఆ పనిలోనే ఉన్నాడు. బాధ కలిగితే స్ప్రాకెట్ తయారైపోదు. పన్నెండేళ్ల పని చేతిలో ఉండి కూడా అవసరమైన రాత్రికి అందలేదు, నిజానికి బరువైన విషయం అదే. ఆ తర్వాత ఆయన చేసింది కూడా కొత్తగా మొదలుపెట్టడం కాదు. ఆగిపోకుండా మళ్లీ గ్యారేజీలోకి వెళ్లడం. నేనైతే వెళ్లగలిగేవాడినా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

1935లో చిక్కు విడింది. పళ్ల చక్రాన్ని చెక్కతో చేసి దాని మీద రబ్బరు తొడిగాడు. రబ్బరు, నూలు కలిపి చేసిన బెల్టులకి అడ్డంగా ఇనప కడ్డీలు బిగించాడు. చక్రం పళ్లు ఆ కడ్డీలని పట్టుకుని బెల్టుని తిప్పుతాయి. రబ్బరు కాస్త వంగుతుంది కాబట్టి దాని మీద మంచు గట్టిగా అంటుకోదు, అంటుకున్నా రాలిపోతుంది. వెనక బెల్టులు తోస్తాయి, ముందు రెండు స్కీలు దారి తిప్పుతాయి. చూడటానికి ఇంతే. 1937లో దీనికి పేటెంట్ వచ్చింది. ఈ పద్ధతితో ఏడుగురు కూర్చునే బి7 అనే బండి అమ్మడం మొదలుపెట్టాడు. ప్లైవుడ్ క్యాబిన్, లోపల చలి తగలకుండా మనుషులు. తర్వాత పన్నెండు మందికి బి12 వచ్చింది. దానికి ఓడకున్నట్టు గుండ్రటి కిటికీలు. కొన్నది ఎవరో చూడండి. పల్లె డాక్టర్లు, పోస్టు మోసేవాళ్లు, చర్చి ఫాదర్లు, పాలు సరఫరా చేసేవాళ్లు, శవాలు తీసుకెళ్లేవాళ్లు. కొన్ని అంబులెన్సులయ్యాయి. అంటే చలికాలంలో కూడా ఆగకూడని పనులు చేసేవాళ్లందరూ. ఇవోన్ లాంటి పిల్లలు ఎంతమంది వాటిలో ఆసుపత్రికి చేరారో ఎవరూ లెక్క పెట్టలేదు.

1942లో తన పేరుతోనే లోటో-నేజ్ బొంబార్డియర్ అన్న కంపెనీ పెట్టాడు. మంచు మోటారు బండి అన్నట్టు అర్థం. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. సామాన్ల మీద రేషన్. మంచు బండి కొనాలంటే అది తన వృత్తికి తప్పనిసరి అని రుజువు చూపించాలి. అమ్మకాలు పడిపోయాయి గానీ సైన్యం కోసం మంచు బండ్లు చేసి కంపెనీ నిలబడింది. యుద్ధం అయ్యాక బడి పిల్లల కోసం 25 మంది పట్టే సి18 కూడా చేశాడు.

తర్వాత జరిగింది మన లాంటి వాళ్లు జాగ్రత్తగా చదవాల్సిన భాగం. 1948లో క్యూబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా చలికాలంలో మంచు తీయించాలని నిర్ణయించింది. ఊళ్లకి ఇది పండగ. కార్లు ఇక దిమ్మలెక్కక్కర్లేదు. అర్మాండ్‌కి మాత్రం దెబ్బ. ఏడాది తిరిగేసరికి ఆయన అమ్మకాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఏ కష్టం తీర్చడానికి బండి కనిపెట్టాడో, ఆ కష్టాన్ని వేరేవాళ్లు ఇంకో రకంగా తీర్చేశారు. ఆయన పాత బండినే పట్టుకుని కూర్చోలేదు. రోడ్డు లేని చోట్లు ఇంకా ఎక్కడున్నాయని వెతికాడు. రైతుల ట్రాక్టర్లకి తగిలించుకునే బెల్టు తయారు చేశాడు. 1953లో మస్కెగ్ అనే ట్రాక్టర్ వచ్చింది. కెనడా ఉత్తరాన కాలు పెడితే దిగబడే చిత్తడి నేలలు వేల మైళ్లున్నాయి, మస్కెగ్ అంటే అవే. చమురు వెతికేవాళ్లు, అడవిలో పనిచేసేవాళ్లు, కరెంటు లైన్లు వేసేవాళ్లు దాన్ని కొన్నారు. అంటార్కిటికాని భూమ్మీద నుంచి మొదటిసారి దాటిన ఫక్స్ బృందం తీసుకెళ్లిన బండ్లలో కూడా ఒక మస్కెగ్ ఉంది. లెక్క మాత్రం పాతదే. బరువు బై జాగా. మంచు బదులు బురద, అంతే.

ఒక్కరు ఎక్కి పోయే చిన్న మంచు బండి చేయాలన్న కుర్రతనపు కోరిక మాత్రం ఆయన్ని వదల్లేదు. దానికి తేలికపాటి ఇంజిన్ కావాలి, అది 1950ల చివర్లో గానీ దొరకలేదు. పెద్ద కొడుకు జెర్మైన్ అతుకు లేని ఒకే రబ్బరు బెల్టుని తయారు చేసిపెట్టాడు. 1959లో స్కీ-డూ బయటికొచ్చింది. కుక్కలు లాగే స్లెడ్జిలకి బదులుగా వచ్చేది కాబట్టి మొదట స్కీ-డాగ్ అనుకున్నారు. ఉత్తరాన మూలవాసుల మధ్య పనిచేసే ఒక మిషనరీ మిత్రుడికి మొదట్లోనే ఒకటి ఇచ్చాడు. వేటగాళ్లు, మిషనరీలు, సర్వే చేసేవాళ్లు వాడుకుంటారన్నది ఆయన ఆలోచన. మొదటి సీజన్లో 225 అమ్ముడయ్యాయి. చూస్తుండగానే అది సరదా బండి అయిపోయింది, జనం ఆటకోసం కొనడం మొదలుపెట్టారు. ఆయన చివరి చలికాలానికి అమ్మకాలు ఎనిమిది వేలు దాటాయి. 1964 ఫిబ్రవరి 18న, 56 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో చనిపోయాడు. అప్పటికి ఆయన పేరున 40కి పైగా పేటెంట్లున్నాయి.

ఇక విమానాల సంగతి. కొంతకాలం జెర్మైన్ కంపెనీ చూశాడు. 1966లో ఆ బాధ్యత అల్లుడు లోరాన్ బొదువాన్ చేతికొచ్చింది. ఆయన అకౌంటెంట్. 1973లో చమురు సంక్షోభం వచ్చి స్కీ-డూ అమ్మకాలు కుప్పకూలాయి. మామగారికి 1948లో ఎదురైనదే మళ్లీ. బొదువాన్ చేసింది కూడా ఒకరకంగా అదే, చేతిలో ఉన్న ఫ్యాక్టరీని వేరే పనికి తిప్పడం. 1974లో మాంట్రియల్ మెట్రోకి 423 పెట్టెలు చేసే కాంట్రాక్టు గెలిచాడు. అప్పటిదాకా రైలు పెట్టె చేసిన అనుభవం వాళ్లకి లేదు. ఆ మెట్రో రైళ్లు రబ్బరు టైర్ల మీద నడుస్తాయి, అది వేరే ముచ్చట. తర్వాత 1982లో న్యూయార్క్ సబ్‌వే కాంట్రాక్టు. ఆ డబ్బు, ఆ ధైర్యంతో 1986లో కెనడా ప్రభుత్వం దగ్గర్నుంచి కెనడైర్‌ని కొన్నారు.

కెనడైర్ అప్పుడు ఎవరూ ముట్టుకోని నిప్పు. ఆ కంపెనీ చాలెంజర్ అనే జెట్ చేసింది. దాని మూలం అమెరికన్ బిల్ లియర్ గీసిన ఒక డిజైన్. వెడల్పైన క్యాబిన్, మనిషి నిలబడి నడవొచ్చు. 1978 నవంబర్లో అది మొదటిసారి ఎగిరేనాటికి లియర్ చనిపోయి కొన్ని నెలలైంది. 1980లో కాలిఫోర్నియా ఎడారిలో పరీక్షల్లో ఒక విమానం కూలి పైలట్ ప్రాణం పోయింది. మొదటి ఇంజిన్లు అనుకున్న పనితనం ఇవ్వలేదు. ప్రభుత్వం నెత్తిన వంద కోట్ల డాలర్లకు మించిన నష్టం పడింది. ఇంజిన్లు మార్చాక గానీ విమానం గాడిన పడలేదు. ఇంత ఖర్చయిన విమానం బొంబార్డియర్‌కి సుమారు 12 కోట్ల కెనడా డాలర్లకి ఫ్యాక్టరీతో సహా దొరికింది. ఆ చాలెంజర్‌నే సాగదీసి 50 మంది ఎక్కే సీఆర్‌జే చేశారు. 1989లో బెల్‌ఫాస్ట్‌లోని షార్ట్ బ్రదర్స్, 1990లో లియర్‌జెట్, 1992లో డి హావిలాండ్ కెనడా కూడా వీళ్ల చేతికొచ్చాయి. మన హైదరాబాద్‌లో తిరిగిన క్యూ400 ఆ చివరి దాని సంతానమే. 1996లో గ్లోబల్ ఎక్స్‌ప్రెస్ ఎగిరింది.

ఎక్కిన మెట్లు మళ్లీ దిగాల్సి వచ్చింది. సీ-సిరీస్ అనే పెద్ద విమానం మీద 500 కోట్ల డాలర్లకు పైగా పోశారు. విమానం మంచిదే, కంపెనీ మోయలేకపోయింది. 2018లో దాని పగ్గాలు ఎయిర్‌బస్‌కి వెళ్లాయి, ఇప్పుడు అది ఏ220. తర్వాత క్యూ400, సీఆర్‌జే, రైళ్లు ఒక్కొక్కటీ అమ్మేశారు. 2022లో ఆఖరి లియర్‌జెట్ కూడా వెళ్లిపోయింది. స్కీ-డూ అయితే 2003లోనే వేరే కంపెనీ అయిపోయింది. బొంబార్డియర్ పేరు మీద ఇవాళ తయారయ్యేవి బిజినెస్ జెట్లు మాత్రమే.

ఇక్కడే నాకు మనసు ఒక దగ్గర నిలవదు. దారి లేని ఊళ్లో డాక్టర్ కోసం, పోస్టు కోసం బండి చేసిన మనిషి పేరు, ఇప్పుడు దారులన్నీ ముందే తెరిచి ఉన్న కోటీశ్వరుల విమానాల మీద ఉంది. అర్మాండ్ కంపెనీని ఇలా ఊహించాడని నేననుకోను. అలాగని ఆయన పేరుకి అన్యాయం జరిగిపోయిందని తీర్పు చెప్పాలనీ లేదు. 1948లో ఆయనా మారాడు, మారకపోతే ఆ పేరే మిగిలేది కాదు. తేడా ఒక్కటే కనిపిస్తుంది నాకు. ఆయన మారినప్పుడల్లా ఇంకా ఎవరి దారి తెగిపోయి ఉందో వెతుక్కుంటూ మారాడు. స్కీ-డూ సరదా బండి అయింది కొన్నవాళ్ల వల్ల, ఆయన మొదట అనుకున్నది అది కాదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతికేటప్పుడు మనం మార్కెట్లో ఏం నడుస్తోంది అని మొదలుపెడతాం. ఎవరు ఎక్కడ ఆగిపోయారు అని మొదలుపెట్టడం కష్టం, ఎందుకంటే దానికి పన్నెండేళ్లు పట్టొచ్చు.

చివరిగా ఒక్క మాట. స్విట్జర్లాండ్‌లో రెగా అనే విమాన అంబులెన్స్ సంస్థ ఉంది. ప్రపంచంలో ఎక్కడ జబ్బు పడినా తమ దేశం వాళ్లని ఇంటికి తెచ్చుకోవడానికి అది మూడు చాలెంజర్ 650లు నడుపుతోంది. సీట్లు తీసేసిన ఆ క్యాబిన్‌లో స్ట్రెచర్లు, వెంటిలేటర్, ఒక డాక్టర్, ఒక నర్సు ఉంటారు. పసిపిల్లల్ని కూడా వాటిలో సముద్రాలు దాటించి ఆసుపత్రికి చేరుస్తారు. వాటిని తయారు చేసిన కంపెనీకి ఉన్నది, 1934లో రెండేళ్ల పిల్లాణ్ణి 50 కిలోమీటర్లు తీసుకెళ్లలేకపోయిన తండ్రి ఇంటిపేరు.